పాత అమెరికన్ నాణెం చేతికొస్తే ఏం చూడాలి, విలువ ఎలా కట్టాలి

అన్నిటికన్నా ముందు, దయచేసి కడగొద్దు. అమెరికాలో ఎవరో పోయాక వాళ్ళింటి సామానంతా అమ్మే ఎస్టేట్ సేల్‌లో డబ్బా నిండా నాణేలు కొన్నా, అక్కడున్న అన్నయ్య ఊరికొస్తూ నాలుగు తెచ్చిచ్చినా, మన ఇళ్ళల్లో మొదట జరిగేది చింతపండో విభూతో పెట్టి వెండిని తళతళలాడేలా తోమేయడం. పూజ సామానుకు అది సరే. నాణేన్ని తోమితే సన్నటి గీతలు పడతాయి, ఏళ్ళ తరబడి కట్టిన సహజమైన రంగు పోతుంది, గ్రేడింగ్ చేసేవాళ్ళు (నాణెం ఎంత బాగుందో అంకెతో చెప్పే నిపుణులు) ‘క్లీన్డ్’ అని రాసేస్తారు, దాంతో ధర పడిపోతుంది. కింద మెత్తటి గుడ్డ పరుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని చూడండి.

పాతదైతే చాలు లక్షలొస్తాయన్న ఆశ కూడా పక్కన పెట్టాలి. 1921 నాటి వెండి నాణెం మోర్గాన్ డాలర్‌కు వందేళ్ళు దాటాయి, కానీ ఒక్క ఫిలడెల్ఫియాలోనే 4 కోట్లకు పైగా ముద్రించారు, అందుకే అరిగిన ముక్కకు వెండి ధర మీద పెద్దగా ఏమీ రాదు. అదే డాలర్‌ను 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించింది లక్షే, అది బాగా అరిగిపోయి ఉన్నా వేల డాలర్లు పలుకుతుంది. రెండింటి మీదా బొమ్మ ఒకటే. తేడా తెలిసేది ఏడాదిని బట్టి, వెనకవైపు గద్ద కిందున్న ఆకుల దండకు దిగువన ఉండే, ముద్రించిన ఊరిని తెలిపే చిన్న అక్షరాన్ని బట్టి. ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లీన్స్, సిసి అంటే కార్సన్ సిటీ, డి అంటే డెన్వర్, పాత నాణెం మీద ఏ అక్షరమూ లేకపోతే దాదాపు ఎప్పుడూ ఫిలడెల్ఫియా. సిసి కనబడిందంటే దాన్ని విడిగా తీసి పెట్టండి.

మోసమూ ఆ అక్షరం దగ్గరే జరుగుతుంది. 1916లో మెర్క్యురీ డైములు (పది సెంట్ల నాణేలు) ఫిలడెల్ఫియాలో 2 కోట్లకు పైగా తయారైతే డెన్వర్‌లో 2,64,000 మాత్రమే, కాబట్టి మామూలు డైముకు డి అతికించి అమ్మేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. పది రెట్లు చూపించే లెన్స్‌తో అక్షరం అడుగుభాగం చూడండి, లోహంలోంచి సహజంగా లేచినట్టుండాలి, చుట్టూ అతుకు గీత గానీ రంగు తేడా గానీ ఉండకూడదు. నగల కాటా కూడా తప్పనిసరి. మోర్గాన్ డాలర్ 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి, అంటే మన పాత విక్టోరియా రూపాయికి రెండింతలు దాటిన బరువు. అరుగుదలతో కొంచెం తగ్గొచ్చు, కానీ రెండు మూడు గ్రాములు తేడా వస్తే అనుమానించాల్సిందే.

అందరూ అడిగేది 1943 సెంటు గురించి. ఆ ఏడాది యుద్ధానికి రాగి కావాల్సి వచ్చి, జింకు పూత పూసిన ఉక్కుతో వంద కోట్లకు పైగా సెంట్లు తయారుచేశారు, అవి చవకే. పొరపాటున రాగి మిశ్రమంతో పడినవి అతి కొద్ది, వాటికే లక్షల డాలర్లు. మీ దగ్గరున్నది ఎర్రగా కనిపిస్తే అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే ఉక్కు మీద రాగి పూత, కథ అక్కడితో అయిపోయింది. అంటుకోకపోతే తూచండి, అసలుది 3.11 గ్రాముల దగ్గర ఉంటుంది, ఉక్కుది 2.7. బరువు కుదిరినా సంబరపడిపోకండి, ఇప్పుడు 3 అంకె చూడాలి. 1948 సెంటులో 8ని చెక్కి 3 చేసేవాళ్ళున్నారు. అసలు 1943లో 3 తోక మిగతా అంకెల కంటే కిందికి దిగుతుంది. ఒక మామూలు ఉక్కు సెంటు కొనుక్కుని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

1964, అంతకు ముందువి, డైములు, క్వార్టర్లు (పావు డాలర్లు), హాఫ్ డాలర్లు 90 శాతం వెండి, అంచున ఎర్రటి రాగి చార కనిపించదు. ఏడాది మామూలుదే అయినా వెండి ధరైతే వస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి టోకెన్లు. అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక భయంతో జనం చిల్లరంతా దాచేసుకుంటే, దుకాణదారులు సెంటు సైజులోనే సొంత రాగి బిళ్ళలు వేయించుకున్నారు. చాలావాటి మీద 1863 ఉంటుంది. న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే సారాయి కొట్టు యజమాని పది లక్షలకు పైగా చలామణిలో పెట్టి, ఒక ట్రామ్ కంపెనీ అవి పట్టుకుని మార్చమని వస్తే కుదరదు పొమ్మన్నాడని చెప్తారు. 1864లో చట్టం చేసి ఇలాంటివి ఆపేశారు. దేశభక్తి బొమ్మలున్నవి ఎక్కువగా దొరుకుతాయి, దుకాణం పేరు, ఊరి పేరు ఉన్నవాటిలో చిన్న ఊళ్ళవి అరుదు. ఫుల్డ్ నంబరు (ఈ టోకెన్ల కేటలాగ్‌లో దానికిచ్చిన సంఖ్య) కనుక్కోండి, దాని పక్కన ఆర్1 అంటే మామూలుది, ఆర్10 అంటే ప్రపంచంలో ఒక్కటే.

ధర దగ్గరికొస్తే, ఈబేలో అడుగుతున్న రేటు చూసి టెన్షన్ పడొద్దు, ఆశా పెట్టుకోవద్దు. ‘సోల్డ్’ ఫిల్టర్ పెట్టి నిజంగా అమ్ముడైనవి చూడండి, హెరిటేజ్ అనే వేలం సంస్థ పాత ఫలితాలు చూడండి, అదే ఏడాది, అదే అక్షరం, అదే గ్రేడు ఉండాలి. గ్రేడు 1 నుంచి 70 దాకా ఉంటుంది, పైస్థాయిలో ఒక్క పాయింటుకే ధర రెట్టింపయ్యే నాణేలున్నాయి. కొన్ని వందల డాలర్లు పలుకుతుందని గట్టిగా అనిపిస్తేనే, నాణేలకు గ్రేడిచ్చే సంస్థలైన పిసిజిఎస్‌కో ఎన్‌జిసికో పంపండి, లేకపోతే ఫీజు, పోస్టేజీ నాణెం ధరను మింగేస్తాయి. వాళ్ళు సీలు చేసిచ్చే ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నదాన్ని కొంటుంటే మాత్రం దాని మీది నంబరును వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే అది మీ చేతిలో ఉన్న నాణెందేనో కాదో గీత గీతా పోల్చుకోండి, నకిలీ పెట్టెలు కూడా తయారవుతున్నాయి.