అరకు, వంజంగి ప్రయాణానికి ట్యాక్సీ మాట్లాడుకునే ముందు

కార్తీక వనభోజనాలతో మొదలైన రద్దీ సంక్రాంతి సెలవుల దాకా తగ్గదు. అరకు, లంబసింగి, వంజంగి మేఘాలు అందరూ ఆ రెండు నెలల్లోనే చూడాలనుకుంటారు. విశాఖలో ఉన్న ట్యాక్సీలు చాలవు. అప్పుడే ఎవరిదో సొంత కారు, ఎవరికో తెలిసిన కుర్రాడు డ్రైవరుగా రంగంలోకి వస్తాయి. ట్రావెల్స్‌కు ఫోను చేసినవాళ్లు మొదట అడిగేది "ఎంత తీసుకుంటారు?" అని. దయచేసి ఆ ప్రశ్న చివర అడగండి. ముందు అడగవలసినవి రెండు: బండికి ట్యాక్సీ పర్మిట్ ఉందా? డ్రైవరుకు ముందు రోజు నిద్ర ఉందా?

మొదటిది చూడగానే తెలుస్తుంది. అద్దెకు తిరిగే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, సొంత బండికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. విద్యుత్ కార్లకు మాత్రం రెండు రకాలకూ ఆకుపచ్చ ప్లేటే. వాటిలో పసుపు అక్షరాలుంటే ట్యాక్సీ, తెల్ల అక్షరాలుంటే సొంత కారు.

తెల్ల ప్లేటు బండి కొత్తగా, శుభ్రంగా ఉండవచ్చు. కిరాయి కూడా తక్కువ చెబుతారు, ఎందుకంటే పర్మిట్, ఫిట్‌నెస్ (బండి తిరగడానికి పనికొస్తుందన్న ధ్రువపత్రం), ట్యాక్సీ ఇన్సూరెన్స్ ఖర్చులు దానికి లేవు. సొంత కారు పాలసీలో బండిని కిరాయికి తిప్పితే వర్తించదన్న షరతు ఉంటుంది. రేపు ఘాట్‌లో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూపించేది ఆ షరతునే. "పోలీసులు ఆపితే చుట్టాలమని చెప్పండి" అని డ్రైవరు అన్నాడా, ఆ బండి ఎక్కకండి. పర్మిట్ లేకుండా తిప్పితే మోటారు వాహనాల చట్టం 192-ఏ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అధికారులు బండిని స్వాధీనం చేసుకుంటే పిల్లలతో, సామాన్లతో రోడ్డు మీద నిలబడేది మీరు.

బండి నంబరు ముందు రోజు సాయంత్రమే తీసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు కనిపిస్తాయి. ఎనిమిదేళ్ల లోపు ట్యాక్సీకి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. రద్దీ రోజుల్లో ఒక ట్రావెల్స్ తీసుకున్న కిరాయిని ఇంకొకరికి అప్పగించడం మామూలే. తెల్లవారుజామున వేరే బండి వచ్చి నిలబడితే దాని నంబరూ చూశాకే ఎక్కండి. అందరూ తయారై కిందికి దిగాక వద్దనడం కష్టమే, అయినా అనాలి.

రిజిస్ట్రేషన్‌లో ఏడు సీట్లని ఉంటే డ్రైవరుతో కలిపి ఏడుగురే. ఒడిలో కూర్చోబెట్టుకునే పిల్లలను లెక్కలోంచి తీసేయకండి. వెనక సీటు బెల్టులు చాలా ట్యాక్సీలలో సీటు కవర్ల కింద ఉండిపోతాయి. బయలుదేరక ముందే వాటిని పైకి తీయించండి.

ఇక డ్రైవరు సంగతి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. వంజంగిలో సూర్యోదయం చూడాలంటే విశాఖలో అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలి. ఆ డ్రైవరు పగలంతా రైల్వే స్టేషనుకు, ఎయిర్‌పోర్టుకు కిరాయిలు తోలి ఉంటాడు. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఏ మనిషి శరీరమైనా నిద్రే కోరుతుంది. సరిగ్గా ఆ వేళకే మీ బండి పాడేరు ఘాట్ మలుపుల్లో ఉంటుంది. కార్మిక చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంటుంది. ఈ సీజనులో ఆ లెక్క ఎవరు చూస్తున్నారు? మీరే చూడాలి. యజమానిని కాదు, డ్రైవరునే ఫోనులో అడగండి: "బాబూ, ఈ రోజు పగలు పడుకుంటారా?"

ఇంతకంటే మంచి దారి ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరి పాడేరులోనో అరకులోనో రాత్రి ఆగడం. గది మాట్లాడేటప్పుడే డ్రైవరుకు మంచం, దుప్పటి ఉన్నాయో లేదో కనుక్కోండి. ఏజెన్సీ చలిలో కారు సీటు వాల్చుకుని తెల్లవార్లూ వణికిన మనిషి చేతిలో మర్నాడు మీ కుటుంబం అంతా ఉంటుంది. ఆ మంచానికి అయ్యే ఖర్చు మొత్తం ప్రయాణం ఖర్చులో ఎంతని!

దారిలో ముందు సీటులో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు. మాటిమాటికీ ఆవులింతలు, కారణం లేకుండా వేగం మారడం, బండి గీత దాటడం, బ్రేకు ఆలస్యంగా పడటం కనిపిస్తే ఆపమనండి. టీ ఒక్కటే చాలదు, ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి. సూర్యోదయం తప్పిపోయినా ఫరవాలేదు.

లైసెన్సు విషయంలో ఒక మాట. 7,500 కిలోల లోపు ట్యాక్సీ నడపడానికి మామూలు కారు లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. కాబట్టి ట్యాక్సీ నడిపేందుకు విడిగా ఇచ్చే బ్యాడ్జి లేదని ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. కాని ఘాట్ అనుభవం లైసెన్సులో రాసి ఉండదు. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఎన్నిసార్లు ఎక్కారో అడగండి. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి దిగుతున్న హైదరాబాద్ యాత్రికుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ మలుపులు ఇప్పటికీ అవే.

దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి. డీజిలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలేస్తే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వాలి. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి. మంచులో లైట్లు డిమ్‌లో ఉండాలి. ఫోటోల కోసం మలుపులో ఆపమని మీరూ అడగకండి. శీతాకాలం ఐదున్నరకే చీకటి పడుతుంది కనుక మధ్యాహ్నం మూడింటికల్లా అరకు వదలండి.

ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, లైవ్ లొకేషన్ ఆగిపోతుంది. ఎస్.కోట దాటక ముందే నంబరు ప్లేటు ఫోటో, డ్రైవరు ఫోను నంబరు, చేరే వేళ ఇంట్లోవాళ్లకు పంపండి.

నగరంలో యాప్ క్యాబ్‌లకు జాగ్రత్తలు సులువు. నంబరు సరిచూసుకోండి, మీ పేరు మీరు చెప్పకుండా డ్రైవరునే చెప్పమనండి, ఓటీపీ ఆ తరువాత ఇవ్వండి. "క్యాన్సిల్ చేయండి, నేరుగా తీసుకెళ్తాను" అంటే ఒప్పుకోకండి, ఆ ప్రయాణానికి రికార్డే ఉండదు. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలు వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. 2019 నుంచి రిజిస్టరైన ట్యాక్సీలలో అత్యవసర బటన్ ఉండాలి, అది ఎక్కడుందో అడగండి. 112తో పాటు, మహిళల రక్షణకు ఏపీ పోలీసులు ఇచ్చిన శక్తి యాప్ ఫోనులో ఉంచుకోండి.

కిరాయి, డ్రైవరు బత్తా, టోల్, పార్కింగ్, రాత్రి బస ఎవరివో వాట్సాప్‌లో రాయించుకోండి. దేవ్‌మాలి, కోరాపుట్ కూడా అనుకుంటే ఒడిశాకు చెల్లే పర్మిట్ ఉందో లేదో బయలుదేరక ముందే తేల్చుకోవాలి.

ప్రమాదం జరిగితే 108కి, 112కి ఫోను చేయండి. బండి, ప్లేటు, రోడ్డు ఫోటోలు తీయండి. యజమాని అక్కడికక్కడే ఎంతో కొంత ఇచ్చి సర్దుబాటు చేసుకుందామన్నా ఒప్పుకోకుండా పోలీసు కేసు నమోదు చేయించండి. పరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు.