వాడేసిన అణు ఇంధనం: తేడా ఎక్కడ కొడుతుంది, ఎలా పట్టుకోవాలి

ఈసీఐఎల్, కుషాయిగూడ, మౌలాలి వైపు నుంచి క్రేన్ పనికో, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనికో అణు విద్యుత్ కేంద్రాలకు వెళ్లే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్ల ఇంట్లోవాళ్లు చదివినా మంచిదే.

సమస్య: "మన ఎన్‌ఎఫ్‌సీలో వాడేసిన ఇంధనం ఉందట" అని కాలనీ గ్రూపులో టెన్షన్

కారణం: కొత్త ఇంధనాన్నీ, వాడేసినదాన్నీ ఒకటే అనుకోవడం. 1971లో ఏర్పాటైన ఎన్‌ఎఫ్‌సీలో తయారయ్యేది కొత్త ఇంధనం. 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌కి వెళ్లే బండిల్ అర మీటరు పొడవుంటుంది, 19 సన్నని గొట్టాలు, బరువు 16 కిలోల పైచిలుకు. చేతికి గ్లవ్స్ వేసుకుని పట్టుకోవచ్చు. అదే బండిల్ రియాక్టర్‌లో మండి బయటికొచ్చాక, అడ్డు లేకుండా పక్కన నిలబడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దాన్ని ఆ కేంద్రంలోనే నీళ్ల కొలనులో ఏళ్ల తరబడి ఉంచుతారు. తర్వాత తారాపూర్, కల్పాక్కం లాంటి చోట్ల రీప్రాసెసింగ్‌కి వెళ్తుంది. మౌలాలికి తిరిగి రాదు.

పరిష్కారం: ఈ తేడా చెప్పండి. ఎన్‌ఎఫ్‌సీ గురించి అడగాల్సినవి యురేనియం పొడి, ఆమ్లాలు, వ్యర్థ జలాలు. అవి గట్టిగా అడగండి.

సమస్య: కొలనులో నీటిమట్టం తగ్గుతోంది

కారణం మూడింట్లో ఒకటి: ఆవిరి, లోపలి స్టీలు తొడుగుకి చిల్లు, లేదా ఏదో పైపు సైఫన్‌లా నీళ్లు లాగేయడం. ముందు నీళ్లు నింపాలి, వెతుకులాట ఆ తర్వాతే. నీటి వేడి ఎప్పటిలాగే ఉండి, నింపే నీళ్లు మాత్రం వారం వారం పెరుగుతుంటే ఆవిరి మీదికి నెట్టేయకండి. తొడుగు వెనక లీకు నీళ్లు చేరే కాలువల్ని చూడండి. సైఫన్ కాకుండా పైపులకి పెట్టిన రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. తనిఖీకి వచ్చినవాళ్లు అడగాల్సిన మొదటి కాగితం కూడా ఆ నీళ్లు నింపిన లెక్కల పుస్తకమే.

2011 మార్చిలో ఫుకుషిమాలో నాలుగో యూనిట్ కొలనులో నీళ్లున్నాయో లేవో తెలియక హెలికాప్టర్‌లోంచి చూడాల్సి వచ్చింది. ఏ పరిస్థితిలోనైనా పనిచేసే మట్టం కొలిచే పరికరాలు పెట్టాలని 2012 మార్చిలో అమెరికా నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ తన కేంద్రాలన్నిటికీ ఆదేశమిచ్చింది.

సమస్య: కొలను నీళ్లలో సీజియం పెరిగింది

కారణం చాలావరకు ఏదో గొట్టానికి సూది బెజ్జమంత చిల్లు. ఏ బండిలో పరీక్షతో తేల్చి, దాన్ని మూత ఉన్న డబ్బాలో వేరుగా పెట్టాలి. రెజిన్ మార్చి నీళ్లు శుభ్రం చేసినంత మాత్రాన పని అయినట్టు కాదు.

సమస్య: కొత్త పరికరం పెట్టాక గ్యాస్ మానిటర్ ఎగబాకింది

2003 ఏప్రిల్‌లో హంగరీలోని పాక్ష్ కేంద్రంలో జరిగింది. రియాక్టర్ నుంచి తీసిన 30 ఇంధన కట్టల్ని నీళ్ల అడుగున ఒక తొట్టిలో పెట్టి శుభ్రం చేశారు. శుభ్రం అయ్యాక తక్కువ ప్రవాహంతో అలాగే ఉంచేశారు. నీళ్లు కట్టల గుండా పోకుండా పక్కదారి పట్టాయి, లోపల ఆవిరి పట్టేసింది. మూత తెరిచేసరికి చల్లటి నీళ్లు తగిలి, కాలిన గొట్టాలు విరిగిపోయాయి. పేరున్న సరఫరాదారు కదా అని కేంద్రమూ నమ్మింది, నియంత్రణ సంస్థ పరిశీలన కూడా చాల్లేదు.

పరిష్కారం: ఇంధనం దగ్గరికి వెళ్లే ఏ పరికరాన్నైనా భద్రతా మార్పుగానే చూడాలి. వేడి ఎలా బయటికి పోతుందో సరఫరాదారు కాక వేరేవాళ్లు లెక్కగట్టాలి. షెడ్యూల్ ఒత్తిడి ఎంతున్నా ఇది వదలకూడదు.

సమస్య: కాస్క్ ఇంకా అడుగుకి చేరలేదు, స్లింగులు వదులయ్యాయి

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ చేతిలో ఉండేది ఇదే. 2018 ఆగస్టు 3న కాలిఫోర్నియాలోని శాన్ ఒనోఫ్రేలో ఇంధనం నింపిన ఉక్కు డబ్బాని భూగర్భ గూటిలోకి దించుతున్నారు. అది లోపలి అంచు మీద చిక్కుకుంది. కిందికి చేరిందనుకుని దించుతూనే పోయారు. బరువు మోయాల్సిన స్లింగులు వేలాడాయి. దాదాపు గంటసేపు ఆ డబ్బా సన్నని అంచు మీదే కూర్చుంది, కింద 18 అడుగుల లోతు. పడలేదు, సరే. కానీ కొద్ది రోజులకి ఒక బహిరంగ సభలో ఒక కార్మికుడు లేచి చెప్తేనే జనానికి తెలిసింది. శిక్షణ, పర్యవేక్షణ చాలలేదని, సంఘటనని సకాలంలో చెప్పలేదని ఎన్‌ఆర్‌సీ తేల్చి 2019లో 1,16,000 డాలర్ల జరిమానా వేసింది. నా లెక్కలో ఆ కార్మికుడు చేసింది ఏ ఇన్‌స్పెక్టర్ పనికీ తీసిపోదు.

పరిష్కారం: ఎంత లోతుకి ఎంత లోడు చూపించాలో ముందే రాసి పెట్టుకోండి. లోతు పూర్తికాకుండా లోడు పడిపోతే ఆపేయండి. డబ్బాని కంటితో చూసేవాడు ఒకడు, రీడింగ్ చూసేవాడు ఇంకొకడు ఉండాలి. ఇద్దరికీ "ఆపు" అనే అధికారం ఉండాలి.

సమస్య: తనిఖీ నివేదికలన్నీ "అంతా సవ్యం"

కారణం: తనిఖీ చేసేవాడి చేతిలో పెద్దగా పవర్ లేకపోవడం. మన ఏఈఆర్‌బీ 1983 నవంబర్ 15న ఏర్పడింది. 2012లో కాగ్ తన నివేదికలో, ఏఈఆర్‌బీకి స్వతంత్రంగా నిబంధనలు రాసే అధికారం లేదని, గరిష్ఠ జరిమానా 500 రూపాయలని ఎత్తిచూపింది. ఆ 500 పక్కన లక్షా పదహారు వేల డాలర్లు పెట్టి చూడండి. 2011లో లోక్‌సభలో పెట్టిన అణు భద్రతా నియంత్రణ ప్రాధికార బిల్లు 2014లో సభ రద్దవడంతో మురిగిపోయింది.

పరిష్కారం: చట్టం సంగతి పార్లమెంటు చూడాలి. మీ చేతిలో ఉన్నది షిఫ్ట్ లాగ్. స్లింగు వదులైనా, మట్టం ఒక సెంటీమీటరు ఎక్కువ తగ్గినా, టైముతో సహా మీ మాటల్లో రాసి సంతకం పెట్టండి. సూపర్‌వైజర్ "ఇది రాయక్కర్లేదులే" అంటే, ఆ మాట కూడా రాయండి.