కాలిఫోర్నియాలో ఫోస్టర్ పేరెంట్ అవుతున్నారా? పిల్లలు ఇంటికి రాకముందే లయబిలిటీ, ఇన్సూరెన్స్ ఇలా సరిచూసుకోండి

ఫోస్టర్ కేర్ అంటే కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల్ని కొంతకాలం మన ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం. దాని ట్రైనింగ్‌లో పిల్లల మనసు గురించి, వాళ్లు పడ్డ కష్టాల గురించి గంటల కొద్దీ చెబుతారు. "ఆ పిల్లాడు మా మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంటే, వాడి కన్నవాళ్లు మా మీద కేసు వేస్తే డబ్బు ఎవరు కట్టాలి?" అని మాత్రం మనవాళ్లు అడగరు, అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. అడగండి, లయబిలిటీ అంటే ఈ బాధ్యతే. ఈ పిల్లల వెనక కన్నవాళ్లు, కౌంటీ, జడ్జి, లాయరు అందరూ ఉంటారు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం, ఇక్కడ రాస్తున్నది కాలిఫోర్నియా సంగతి.

1. మీకు ఆమోదం ఇచ్చేది ఎవరో తేల్చుకోండి

2017 నుంచి ఇక్కడ ఫోస్టర్ ఇంటిని రిసోర్స్ ఫ్యామిలీ అంటున్నారు. ఆమోదం నేరుగా కౌంటీ ఇవ్వొచ్చు, లేదా ఫోస్టర్ ఫ్యామిలీ ఏజెన్సీ (ఫోస్టర్ ఇళ్లను చూసుకునే ప్రైవేటు సంస్థ) ఇవ్వొచ్చు. ఇన్సూరెన్స్ దారి ఇక్కడే రెండుగా చీలుతుంది. కౌంటీ ఇళ్ల కోసం రాష్ట్రమే 1980ల నుంచి ఒక ఫండ్ నడుపుతోంది. పిల్లలకి మీ సంరక్షణలో గాయమై వాళ్లో, వాళ్ల కన్నవాళ్లో నష్టపరిహారం అడిగితే ఈ ఫండ్ కడుతుంది. ఒక ఇంటికి 12 నెలల్లో గరిష్ఠంగా 3 లక్షల డాలర్లు. ఫండ్ పరిధిలోకి వచ్చే విషయమైతే ముందు అక్కడ క్లెయిమ్ వేయకుండా మీ మీద కోర్టుకెళ్లడం కుదరదు. మీరు దాని పరిధిలో ఉన్నారో లేదో సోషల్ వర్కర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఏజెన్సీ ద్వారా వెళ్తే నమ్ముకోవాల్సింది ఏజెన్సీ పాలసీనే. 2024లో ఇక్కడి ఏజెన్సీల్లో దాదాపు 90 శాతానికి కవరేజీ ఇస్తున్న నాన్‌ప్రాఫిట్స్ ఇన్సూరెన్స్ అలయన్స్ ఇకపై వాళ్ల పాలసీలు రెన్యూ చేయనని చెప్పేసింది, దాంతో ఏజెన్సీలన్నీ కొత్త కంపెనీల కోసం పరుగులు పెట్టాయి. అందుకే "మాకు ఇన్సూరెన్స్ ఉందండీ" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఇప్పటి కంపెనీ ఎవరు, లిమిట్ ఎంత, ఎప్పటిదాకా, పాలసీలో మీకు కూడా రక్షణ ఉందా లేక ఏజెన్సీకి మాత్రమేనా? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం.

2. ఏవి కవర్ కావో ముందు చదవండి

రాష్ట్ర ఫండ్ మీ కారు ప్రమాదాలకు కట్టదు. మోసం, నేరం, కావాలని చేసిన పని, లైంగిక వేధింపు, శిక్షగా కోర్టు వేసే అదనపు పరిహారం, ఇవేవీ కట్టదు. పిల్లల మనసు కన్నవాళ్ల మీద విరిచేశారనే దావాకి కూడా రాదు.

"కావాలని చేసిన పని" దగ్గర మనవాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. మన ఇళ్లలో ఒక దెబ్బ వేయడం పెద్ద విషయం కాదనుకుంటాం. ఫోస్టర్ పిల్లల మీద చెయ్యి చేసుకోవడం ఇక్కడ పూర్తిగా నిషేధం, పైగా అది యాక్సిడెంట్ కాదు కాబట్టి ఏ ఇన్సూరెన్సూ మీ పక్కన నిలబడకపోవచ్చు.

3. ఇంటి పాలసీ బయటకు తీయండి

ఫోస్టర్ పిల్లలున్నారన్న ఒక్క కారణంతో ఇంటి ఇన్సూరెన్స్ ఇవ్వననడం, రద్దు చేయడం ఇక్కడ చట్టవిరుద్ధం, కాబట్టి దాచిపెట్టకుండా ఏజెంట్‌కి చెప్పండి. కానీ మెలిక ఉంది. చాలా పాలసీల్లో మీ సంరక్షణలో ఉన్న 21 ఏళ్ల లోపు వాళ్లు కూడా "ఇన్సూర్డ్" (పాలసీ రక్షణ ఉన్నవాళ్లు) లెక్కలోకి వస్తారు. అంటే ఫోస్టర్ పిల్లాడు పక్కింటి అద్దం పొరపాటున పగలగొడితే పాలసీ కట్టొచ్చు, వాడికే దెబ్బ తగిలితే మాత్రం ఒక ఇన్సూర్డ్ ఇంకో ఇన్సూర్డ్ మీద వేసే క్లెయిమ్ అని తోసేస్తారు. కోపంలో మీ టీవీ పగలగొట్టాడనుకోండి, రాష్ట్ర ఫండ్ దాని జోలికి రాదు. కౌంటీ ఏమైనా ఇస్తుందా అని ముందే అడగాలి.

అంబ్రెల్లా పాలసీ (ఇల్లు, కారు పాలసీల లిమిట్ దాటాక అదనంగా కట్టేది) ఉంటే అందులో ఫోస్టర్ కేర్‌కి మినహాయింపు ఉందేమో రాతపూర్వకంగా కనుక్కోండి. కారు కవరేజీ కనీస పరిమితి దగ్గర ఆపకండి, ఫండ్ రాని చోటు అదే. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు సాధారణంగా వెనక సీట్లో, కార్ సీట్ లేదా బూస్టర్‌లో కూర్చోవాలి.

4. మీ నిర్ణయం ఏది, కోర్టు నిర్ణయం ఏది

2014 ఫెడరల్ చట్టం వల్ల స్కూల్ ట్రిప్పు, ఆటలు, ఫ్రెండ్ ఇంట్లో పడుకోవడం వంటివి, బాధ్యత గల తల్లో తండ్రో ఆలోచించినట్టు ఆలోచించి మీరే ఒప్పుకోవచ్చు. ఎందుకు ఒప్పుకున్నారో రెండు లైన్లు డైరీలో రాసి పెట్టుకోండి. మానసిక సమస్యలకిచ్చే మందులకు సాధారణంగా కోర్టు అనుమతి కావాలి. రాష్ట్రం దాటాలంటే ముందు సోషల్ వర్కర్‌ని అడగాలి. ఇండియా ప్రయాణమైతే కోర్టు ఆర్డర్ చేతికి రాకుండా టికెట్ కొనకండి. గుడిలో గుండు కొట్టించడం, చెవులు కుట్టించడం అసలు మీ ఇష్టం కాదు. ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రలు వేయకండి. ఫొటోలు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు. అమ్మానాన్నలు విజయవాడ నుంచి ఆరు నెలలకి వస్తే వాళ్లు కూడా ఇంట్లో ఉండే పెద్దవాళ్లే, నేర చరిత్ర తనిఖీ కావాలి. టికెట్ బుక్ చేయకముందే సోషల్ వర్కర్‌కి చెప్పండి.

5. ఏదైనా జరిగితే

ముందు వైద్యం, తర్వాత అదే రోజు సోషల్ వర్కర్‌కి ఫోన్, ఆ వెంటనే ఈమెయిల్. ఏం చూశారో అది మాత్రమే రాయండి, ఊహలు వద్దు. ఫండ్, ఏజెన్సీ, ఇంటి ఇన్సూరెన్స్, వీటిలో ఏవి వర్తించొచ్చో అన్నిటికీ తెలియజేయండి, ఆలస్యంగా చెబితే అదే సాకుగా తిరస్కరించగలరు. ఫోస్టర్ ఇంటిగా మీకిచ్చిన ఆమోదం మీదే విచారణ మొదలైతే అది వేరే దారి, దానికి లయబిలిటీ పాలసీ మామూలుగా లాయర్ ఫీజు ఇవ్వదు. నోటీసులో అప్పీలు గడువు వెతికి పట్టుకుని, సంతకం పెట్టకముందే లాయర్‌ని కలవండి.