పలాస జీడిపప్పుకి షిప్పింగ్ బిల్లు మనమే వేసుకోవడం

షిప్పింగ్ బిల్లు అంటే ఎగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి దాఖలు చేసే పత్రం. దీనికి కస్టమ్స్ బ్రోకర్ తప్పనిసరి కాదు. ఎగుమతిదారు తన సరుకుకి తానే బిల్లు వేసుకోవచ్చు. ఐఈసీ (ఎగుమతి-దిగుమతిదారు కోడ్), క్లాస్‌ 3 డిజిటల్ సంతకంతో ఐస్‌గేట్ అనే కస్టమ్స్ పోర్టల్‌లో రిజిస్టరవ్వండి. బ్యాంకు ఇచ్చిన ఏడీ కోడ్‌ని (విదేశీ మారకానికి అనుమతి ఉన్న బ్యాంకు శాఖ కోడ్) విశాఖ పోర్టుకి (పోర్టు కోడ్ ఐఎన్‌వీటీజెడ్‌1) నమోదు చేసి ఆమోదం వచ్చాకే ముందుకెళ్లండి.

గుండు పప్పుకి హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే కస్టమ్స్ సంఖ్య) 08013220, ముక్కకి 08013210. రెండూ ఒకే కంటైనర్‌లో వెళ్తుంటే వేర్వేరు వరుసల్లో రాయాలి.

బరువు దగ్గర తొందరపడొద్దు. పెట్టెకి 11.34 కిలోల ప్యాకెట్లు రెండు, అంటే 22.68 కిలోలు. 700 పెట్టెలకి నికర బరువు 15,876 కిలోలు. అట్టపెట్టె, ప్యాకింగ్ కలిపితేనే స్థూల బరువు. ప్యాకింగ్ లిస్టులో, బిల్లులో ఇవే అంకెలుండాలి.

అసలు దెబ్బ తగిలేది ఇన్‌వాయిస్ నంబరు దగ్గరే. జీఎస్టీఆర్‌-1లో (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను) 'కె/07' అని, బిల్లులో 'కె07' అని పడితే ఆ ఒక్క గీతకే ఎస్‌బీ005 లోపం చూపించి ఐజీఎస్టీ (ఎగుమతిపై కట్టిన పన్ను) రీఫండ్ ఆగిపోతుంది. అందుకే రెండు చోట్లా ఒకే ఇన్‌వాయిస్ నంబరు వాడండి. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) మీద పంపుతున్నారా, పన్ను కట్టి పంపుతున్నారా అన్నది కూడా సరిచూసుకోండి.

సంతకం చేసి పంపేముందు మరొకరిచేత అంకెలు పైకి చదివించండి. లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (ఎగుమతికి కస్టమ్స్ ఇచ్చే అనుమతి) వచ్చాక తప్పు దిద్దాలంటే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణకి అర్జీ పెట్టుకోవాల్సిందే.