నీడ తోటలో కంద చుట్టాలు – మూడో పాఠం: గడ్డ నాటే తీరు

కిందటి పాఠంలో ఎంచుకున్న మూడు గడ్డలూ ఈపాటికి మీ దగ్గర ఉండాలి: కూర కంద, కొంజాక్, ఆకు మీదే పిల్లలు పెట్టే బల్బిఫర్. మూడూ అమోర్ఫోఫాలస్ అనే ఒకే మొక్కల ప్రజాతివే. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ తొలి వానల దాకా ఎప్పుడైనా నాటవచ్చు. మొగ్గ కదిలిన గడ్డను మాత్రం ఇంకా గోనెసంచిలో ఉంచకండి.

నాటే ముందు ఒక సంగతి బుర్రకెక్కాలి. కందకు వేర్లు గడ్డ అడుగున పుట్టవు, నెత్తిన పుడతాయి. మొలక మొదలు దగ్గర, గడ్డ నెత్తినున్న గుంట చుట్టూ బయలుదేరి పై మట్టిలో అడ్డంగా పాకుతాయి. పైగా పాత గడ్డ ఈ ఏడాదితో సరి. తనలోని పిండినంతా మొలకకు పెట్టి తిత్తిలా ముడుచుకుపోతుంది, దాని నెత్తినే కొత్త గడ్డ ఊరుతుంది. అంటే కుండీ అడుగున ఎంత ఎరువు దట్టించినా దండగే, గడ్డ పైనున్న మట్టే మొక్కకు తిండి. చాలామంది బంగాళాదుంపను పెట్టినట్టు రెండంగుళాల లోతున పెట్టేస్తారు. వేర్లకు చోటు చాలదు, పై మట్టి ఎండకు కాలిపోతుంది, ఆకు విచ్చుకున్నాక బరువుకు మొక్క ఒరిగిపోతుంది.

ముందు పైభాగం గుర్తుపట్టండి. నడుమ చిన్న గుంట, అందులో మొగ్గ, చుట్టూ పోయినేడు వేర్లు ఊడిన చుక్కలు ఉన్నది నెత్తి. నున్నగా ఉన్నది అడుగు. బల్బిఫర్ పిల్లల్లో ఇది తేలిగ్గా తెలియదు. అనుమానంగా ఉంటే పక్కకు పడుకోబెట్టి నాటండి, మొలక దారి అదే చూసుకుంటుంది.

కూర కందను బజారు నుంచి ముక్కగా తెచ్చుకున్నా మొలుస్తుంది, నడిమొగ్గలో కొంతైనా ఆ ముక్కకు అంటి ఉంటేనే. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం దొరికితే అదే తీసుకోండి, దురద తక్కువ. కోసిన ముఖాన్ని చిక్కటి పేడనీళ్లలో ముంచి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. పేడనీళ్లలో కిలో గడ్డకు 5 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణచే మేలు బూజు) పొడి కలిపితే మరీ మంచిది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, కోసే చేతికి మాత్రం తప్పదు. గడ్డలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. చేతులకు కొబ్బరినూనె రాసుకోండి, లేదా తొడుగులు వేసుకోండి.

మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు వంతులు, ముతక ఇసుక ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, కడిగిన కొబ్బరిపొట్టు ఒకటి. కుండీకి గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ పనికిరాదు, వేడికి మొగ్గ ఉడికిపోతుంది. 300 గ్రాముల గడ్డకు 12 అంగుళాల కుండీ, కిలో కందకు 18 అంగుళాల సంచి. గడ్డ చుట్టూ నాలుగు వేళ్ల జాగా మిగలాలి.

లోతు: 300 గ్రాముల గడ్డ నెత్తి మీద 4 అంగుళాల మట్టి, కిలో గడ్డ మీద 5 నుంచి 6, ఉసిరికాయంత పిల్ల మీద ఒకటిన్నర. గడ్డను కూర్చోబెట్టి, నెత్తిన గుంటను ముతక ఇసుకతో నింపి, ఆ తర్వాతే మట్టి కప్పండి. గుంటలో నీరు నిలిస్తే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

ఇక నీళ్లు. గడ్డలు చచ్చేది ఎక్కువగా ఈ దశలోనే, అదీ ప్రేమ ఎక్కువై. మొలక రానంత వరకూ వేర్లు పెద్దగా ఉండవు, పోసిన నీరు తాగేవాళ్లే లేరు. మట్టి ఎంత తడిగా ఉండాలంటే, పిడికిట నొక్కితే ముద్దవాలి, వేలితో తడితే విడిపోవాలి. ఆ తడితో నాటి వదిలేయండి. వడగాలి రోజుల్లో వారానికోసారి కుండీ అంచు వెంట చిలకరిస్తే చాలు. మొలక నాలుగు వేళ్లు లేచాక అసలు తడి మొదలుపెట్టండి. కుండీ కింద పళ్లెం పెట్టవద్దు.

నెలన్నర దాటినా కదలిక లేకపోతే పక్క నుంచి వేలితో తవ్వి గడ్డను నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మళ్లీ కప్పేయండి, దానికింకా తెల్లవారలేదు. మెత్తబడి వాసన వస్తుంటే బయటికి తీసి, కుళ్లినదంతా తెల్లటి కండ కనిపించేదాకా చెక్కేసి, బూడిద అద్ది, నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, పొడి ఇసుకలో నాటండి. మొగ్గ మిగిలితే మొక్క మిగిలినట్టే.

మొలక వచ్చాక దాని మొదలును రోజూ చూడండి. మట్టిని తాకే చోట తెల్లటి నూలుపోగులూ, వాటి మధ్య ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళికలూ కనిపిస్తే అది మొదలుకుళ్లు. వాన తర్వాత నీరు నిలిచే కుండీల్లో ఎక్కువ. పై మట్టిని రెండంగుళాలు గీకి ఇంటికి దూరంగా పారేయండి, ఆ గుళికల నుంచే తెగులు మళ్లీ మొలుస్తుంది. కొత్త మట్టిలో ట్రైకోడెర్మా కలిపి వేసి, కొన్నాళ్లు నీళ్లు తగ్గించండి.

మొలక సన్నగా మొనదేలి ఉంటే ఆకు. లావుగా, బొద్దుగా ఉబ్బుతుంటే పువ్వు కావచ్చు. చిన్న గడ్డ పూయదు కాబట్టి మొదటి ఏడాది ఈ చిక్కు మీకు రాకపోవచ్చు. కూర కంద పువ్వు నేలకు అంటుకున్నట్టే పూస్తుంది, కొంజాక్ కాడ మీటరు దాటుతుంది. విచ్చిన ఒకటి రెండు రోజులు చచ్చిన ఎలుక వాసన. ఈగల్నీ పేడపురుగుల్నీ పిలవడానికి దాని ఎత్తుగడ అది. కాబట్టి పెద్ద గడ్డల కుండీని కిటికీ కింద పెట్టకండి.

చోటు విషయానికొస్తే, పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలి, తర్వాత నీడ పడే స్థలం కావాలి. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, అరటి కింద కంద వేసేది ఊరికే కాదు. డాబా మీదైతే 50 శాతం నీడనిచ్చే పచ్చ వల కట్టండి.

వచ్చే పాఠం లోపు చేయవలసింది: మూడు గడ్డలూ తూచి, నాటిన తేదీతో పాటు బరువు రాసిన చీటీ కుండీకి కట్టండి. ఆకు వాడి గడ్డ తవ్వే రోజున ఆ అంకె కావాలి. నాలుగో పాఠంలో ఆకు విచ్చుకున్నాక పొటాష్ ఎప్పుడు, ఎంత వేయాలో, బల్బిఫర్ ఈనెలు కలిసే చోట పుట్టే పిల్లలను ఎప్పుడు గిల్లాలో చూద్దాం.