లినక్స్‌లో థండర్‌బర్డ్ అక్షరాల పరిమాణం

లినక్స్ డెస్క్‌టాప్‌పై థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ వాడేవారికి మెనూల అక్షరాలు, ఉత్తరాల అక్షరాలు వేర్వేరు చోట్ల నియంత్రించబడతాయన్న సంగతి ముందుగా తెలిస్తే చాలా శ్రమ తప్పుతుంది. మెనూలు, ఉత్తరాల జాబితా చిన్నవిగా కనిపిస్తే, ఇటీవలి వెర్షన్లలో కుడివైపు పైనున్న మూడు గీతల మెనూలోనే ఫాంట్ సైజును పెంచుకోవచ్చు.

ఉత్తరంలోని పాఠ్యం సంగతి వేరు. సెట్టింగ్స్‌లో జనరల్ విభాగం కింద లాంగ్వేజ్ అండ్ అపియరెన్స్ భాగంలో ఉన్న అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కితే తెరుచుకునే కిటికీలో పరిమాణాలు ఒక్కో లిపికి విడివిడిగా ఉంటాయి. అందువల్ల లాటిన్‌కు (ఇంగ్లీషు అక్షరాల లిపికి) మాత్రమే సైజు పెంచి ఊరుకుంటే కొన్ని ఉత్తరాలు పెద్దవిగా, మరికొన్ని మునుపటిలాగే చిన్నవిగా కనిపించి, మార్పు పనిచేయలేదన్న భ్రమ కలుగుతుంది. పైనున్న జాబితాలో లాటిన్, తెలుగు, అదర్ రైటింగ్ సిస్టమ్స్ అనే మూడింటినీ వరుసగా ఎంచుకుని, ప్రతిదానికీ సైజు మార్చాలి. మూడవదాన్ని అసలు మరచిపోకూడదు, ఎందుకంటే ఏ భాషో ప్రత్యేకంగా సూచించని ఉత్తరాలకు తరచుగా ఆ అమరికే వర్తిస్తుంది. మన లిపిలో వత్తులు, గుడులు స్పష్టంగా కనిపించాలంటే తెలుగుకు లాటిన్ కంటే ఒకటి రెండు అంకెలు ఎక్కువగా ఉంచడమే మేలని నా అభిప్రాయం.

సాదా పాఠ్యపు ఉత్తరాలు అప్పటికీ చిన్నగానే ఉంటే, అదే కిటికీలో మోనోస్పేస్ (అన్ని అక్షరాలూ ఒకే వెడల్పుతో ఉండే ఫాంట్) సైజును కూడా పెంచండి. కంట్రోల్‌తో ప్లస్ మీట నొక్కడం ఒక ఉత్తరాన్ని అప్పటికప్పుడు పెద్దదిగా చదువుకోవడానికి బాగా ఉపకరిస్తుంది.