రోలండ్ ఎస్. హోవర్డ్ గిటారు ధ్వని రాబట్టడం ఎలా

ది బర్త్‌డే పార్టీ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన రాక్ బ్యాండ్. మొదట దాని పేరు ది బాయ్స్ నెక్స్ట్ డోర్. 1980లో లండన్‌కు, 1982లో పశ్చిమ బెర్లిన్‌కు మారి, 1983లో విడిపోయింది. దాని గాయకుడు నిక్ కేవ్ తర్వాత ప్రపంచమంతటికీ తెలిశాడు. కానీ గిటారిస్టులు ఈనాటికీ వెతుక్కునేది ఆ బ్యాండ్ గిటారిస్టు రోలండ్ ఎస్. హోవర్డ్ ధ్వనిని: గాజు పెంకులా కోసుకుపోయే ఆ శబ్దాన్ని.

పెడళ్లు (గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెలు) కొనేముందు బాస్ వాయించే మనిషిని కూర్చోబెట్టి మాట్లాడండి. ఈ బ్యాండ్‌లో పాటను మోసింది ట్రేసీ ప్యూ బాస్. ఒకే వరసను బరువుగా, మళ్లీ మళ్లీ వాయిస్తూ పోతుంటే, గిటారుకు కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) పట్టుకుని కూర్చోవలసిన పని తప్పింది. అందుకే అది ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి కరిచి వెళ్లగలిగింది. బాస్ పలచగా ఉంటే గిటారు ఎంత బాగున్నా పాట కూలిపోతుంది. సాధనలో ముందు బాస్, డ్రమ్స్ మాత్రమే ఐదు నిమిషాలు ఆగకుండా వాయించాలి. అది ఒంటరిగా నిలబడ్డాకే గిటారు చేరాలి.

హోవర్డ్ వాడిన సరంజామా చిన్నదే: ఫెండర్ జాగ్వార్ గిటారు, ఫెండర్ ట్విన్ రివర్బ్ యాంప్, ఎంఎక్స్‌ఆర్ వారి డిస్టార్షన్ ప్లస్, బ్లూ బాక్స్ పెడళ్లు.

జాగ్వార్ తీగ పొడవు 24 అంగుళాలు. మామూలు ఫెండర్‌కు 25.5 ఉంటుంది కాబట్టి, అదే శ్రుతిలో జాగ్వార్ తీగలు వదులుగా ఉంటాయి. గట్టిగా కొడితే బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే భాగం) మీది గాడి నుంచి తీగ పక్కకు జారుతుంది. కొత్తవాళ్లు విసిగిపోయేది ఇక్కడే. 9 లేదా 10 నంబరు సన్న తీగల సెట్టు తీసేసి, ఇంకా లావైన 11 లేదా 12 సెట్టు వేయండి. అప్పటికీ జారితే, మెడ బిగించే గుంటలో సుమారు అర మిల్లీమీటరు మందం రేకు పెట్టి బ్రిడ్జిని పైకి లేపాలి. తీగ బ్రిడ్జి మీద ఎక్కువ కోణంలో వంగి, గాడిలో గట్టిగా కూర్చుంటుంది. కింది వైపున్న మూడు స్విచ్చుల్లో రెండు పికప్పులవి (తీగ కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చేవి), మూడోది మంద్రాన్ని కోసేసేది. బ్రిడ్జి పికప్పు ఒక్కటే పెట్టి, మూడోదాన్ని వేసి మొదలుపెట్టండి.

ట్విన్ రివర్బ్ 85 వాట్ల వాల్వ్ యాంప్, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఎంత పెంచినా శబ్దం త్వరగా చీలి గరగరమనదు. ఆ బిగువే ఈ ధ్వనికి వెన్నెముక. తొందరగా గరగరమనే చిన్న యాంప్‌తో ఆ పదును రాదు. గిటారును వైబ్రాటో ఛానల్‌లోనే పెట్టండి, పాత నమూనాల్లో రెండో ఛానల్‌కు రివర్బ్ ఉండదు. ట్రెబుల్ 7, మిడిల్ 4, బాస్ 3, రివర్బ్ 4తో మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. అమెరికా నుంచి తెచ్చుకున్న 120 వోల్టుల యాంప్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. కనీసం 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

బ్లూ బాక్స్ మీరు వాయించిన స్వరానికి రెండు స్థాయిల (ఆక్టేవ్‌ల) కింద ఇంకో స్వరం పుట్టిస్తుంది. దీన్ని అపార్థం చేసుకుని అమ్మేసేవాళ్లు చాలామంది. లావు ఇ తీగను ఖాళీగా మీటితే 82 హెర్ట్జ్, రెండు స్థాయిలు కిందికి వెళ్తే 20 హెర్ట్జ్ చుట్టూ. గిటారు స్పీకరు దాన్ని పలికించలేదు, బురద మాత్రమే వినిపిస్తుంది. అదే జి తీగ 12వ మెట్టు (ఫ్రెట్) మీద మీటితే 392 హెర్ట్జ్, కింద పుట్టేది 98. అది స్పష్టంగా పలుకుతుంది. కాబట్టి సన్న తీగల మీద, 12వ మెట్టు నుంచి పైనే వాడండి. ఒకసారికి ఒకే స్వరం వాయించాలి. రెండు కలిపితే సర్క్యూట్ దేన్ని పట్టుకోవాలో తెలియక తడబడి బుసలు కొడుతుంది. ఆ తడబాటు కావాలని వాడుకోవచ్చు, కానీ ఎప్పుడు వస్తుందో తెలిసి ఉండాలి. ఈ పెడల్‌ను ముందు పెట్టి, డిస్టార్షన్ ప్లస్‌ను దాని తర్వాత పెట్టడం మంచిది. శుభ్రమైన సిగ్నల్ అందితే స్వరాన్ని మెరుగ్గా పట్టుకుంటుంది, దాని బలహీనమైన శబ్దాన్ని రెండోది పైకి లేపుతుంది.

డిస్టార్షన్ ప్లస్‌లో గరగరను పెంచే డిస్టార్షన్ నాబ్‌ను సగం దాటించకండి. ఈ ధ్వనికి ఎక్కువమంది చేసే చేటు అదే. మరీ పెంచితే మీటులోని పదును చచ్చిపోయి అంతా ఒకే రొద అవుతుంది. రొదను ఫీడ్‌బ్యాక్ (స్పీకరు శబ్దమే తీగను మళ్లీ కదిలించి మోగించడం) నుంచి తెచ్చుకోవాలి. స్పీకరుకు సుమారు ఒక మీటరు దూరంలో నిలబడి, గిటారును దాని వైపు తిప్పి, స్వరం పాడటం మొదలవ్వగానే ట్రెమొలో ఆర్మ్‌ను (తీగలను వదులు చేసే కడ్డీని) నెమ్మదిగా నొక్కండి. తీగను అరచేత్తో అదిమితే ఆగేది మంచి ఫీడ్‌బ్యాక్. అదిమినా ఆగని కీచు పికప్పు చుట్ట వదులైందని చెబుతుంది. దాన్ని మైనంలో ముంచి బిగించే పనివాడికి ఇవ్వాలి. ఈ శబ్దంలో గంటసేపు నిలబడాలి కాబట్టి చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి.

మెల్‌బోర్న్ బ్యాండ్ హెచ్‌టీఆర్‌కే 2009 ఆల్బమ్‌కు హోవర్డ్ సహనిర్మాత. ఆయన పోయింది కూడా ఆ ఏడాది డిసెంబరులోనే. సాధన చేసేవాళ్లు దాన్ని ది బర్త్‌డే పార్టీ 1982 నాటి 'జంక్‌యార్డ్' పక్కన పెట్టి వినాలి. ముందు బాస్ వరసను మాత్రమే పట్టుకుని వినండి. రెండోసారి గిటారు వాయించని చోట్లను కాగితం మీద గుర్తు పెట్టుకుని, మీ పాటలో అన్ని ఖాళీలు వదిలి చూడండి.